బురద కోసం వదిలిన ఖాళీలో మడ్‌గార్డు: ప్రాజెక్టు డైరీ

మొదటి శనివారం: కొలతలు

నిన్న రెండు గంటలు వానలో సైకిలు తొక్కి ఇంటికొచ్చి చొక్కా విప్పితే, నడుము దగ్గర మొదలై మెడ దాకా నిలువునా ఒక బురద చార. అది కొత్తేం కాదు. నీళ్ల సీసా మూతి చుట్టూ ఇసుక కరకరలాడటమూ కొత్త కాదు. కొత్తది ఏంటంటే, నా వెనకాల వస్తున్న తమ్ముడు మధ్యదారిలో ఆగిపోయి, కళ్లజోడు తీసి చొక్కా లోపలి అంచుతో తుడుచుకుంటూ, "అన్నా, ఇకనుంచి నువ్వే నా వెనక రా. పైనుంచి పడే వానైతే ఓర్చుకుంటా గానీ, నీ చక్రం కురిపించే వాన నా వల్ల కాదు" అన్నాడు. వాడి మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. కాబట్టి మడ్‌గార్డులు వేయాల్సిందే.

ముందు సైకిలు సంగతి. స్టీలు ఫ్రేము, స్టీలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ల భాగం) ఉన్న పాత సైక్లోక్రాస్ సైకిలు, అంటే బురదలో తొక్కే పోటీల కోసం చేసినది. డిస్కులు లేవు, కాంటిలివర్ బ్రేకులు: తీగ లాగితే రెండు చేతులు అటూ ఇటూ నుంచి రిమ్మును పట్టే రకం. సైక్లోక్రాస్ పోటీల్లో డిస్కు బ్రేకులకు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) 2010లో గానీ ఒప్పుకోలేదు. నాది అంతకుముందు పద్ధతిలో చేసినది. దూరం నుంచి చూస్తే రోడ్డు రేసు సైకిలు లాగే ఉంటుంది. వంపు తిరిగిన హ్యాండిలు, 700సీ చక్రాలు. తేడా అంతా టైరు చుట్టూ వదిలిన ఖాళీలో ఉంది. పెద్ద పోటీల్లో టైరు వెడల్పు 33 మి.మీ. దాటకూడదు. ఫ్రేములో చోటు మాత్రం అంతకు చాలా మించి ఉంటుంది. ఆ మిగులు బురదది. బురద పేరుకుని టైరు బొద్దుగా అయిపోయినా చక్రం ఆగకుండా తిరగాలని వదిలారు. పోటీలో అది కూడా సరిపోనప్పుడు సైకిలే మార్చేస్తారు. ఒకటి తొక్కుతుంటే రెండోదాన్ని పక్కన ఇంకొకరు కడిగి సిద్ధం చేసి పెడతారు. అలాంటి ఆటలో మడ్‌గార్డు ఊసెందుకు వస్తుంది?

నాకు రెండో సైకిలు లేదు, కడిగిపెట్టేవాళ్లు అంతకన్నా లేరు. ఆ ఖాళీలో మడ్‌గార్డు పడుతుందా, పడితే ఎంత మిగులుతుంది? ఈ ప్రాజెక్టు మొత్తం ఈ ప్రశ్నే.

చక్రాలు బిగించి ఉండగానే కొలిచా. టైరు మీద 32 అని రాసుంది, వెర్నియర్‌తో కొలిస్తే 33.6 మి.మీ. రిమ్ము కాస్త వెడల్పు కావడంతో టైరు విచ్చుకుంది. రాసిన అంకెను నమ్మి మడ్‌గార్డు కొనకూడదనడానికి ఇదే కారణం. టైరు పైనుంచి ఫోర్కు తల కింది భాగానికి 26 మి.మీ. వెనక సీటు స్టేల (సీటు కింద నుంచి వెనక ఇరుసుకి దిగే రెండు గొట్టాలు) మధ్య అడ్డుకడ్డీ దగ్గర 24. అన్నింటికన్నా ఇరుకు చైన్ స్టేల (పెడల్ ఇరుసు నుంచి వెనక ఇరుసుకి పోయే రెండు గొట్టాలు) మధ్య, పెడల్ ఇరుసు వెనకాల: 14.

టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఒక సెంటీమీటరు ఖాళీ ఉంటే నిశ్చింత. అంతకు తగ్గితే చిన్న కంకర రాయి కూడా ఇరుక్కుంటుంది. మడ్‌గార్డు మందం, దాన్ని పట్టే క్లిప్పు మందం కలిపి 4 మి.మీ. తీసేస్తే ముందు 22, వెనక 20, చైన్ స్టేల దగ్గర సరిగ్గా 10. బొటాబొటీ.

వెడల్పు విషయంలో చాలామంది పొరపాటు పడతారు. మడ్‌గార్డు టైరు కన్నా రెండు వైపులా కనీసం ఐదేసి మి.మీ. ఎక్కువ ఉండాలి, లేకపోతే నీళ్లు అంచు దాటి పక్కలకు చిమ్ముతాయి. నాకు 45 మి.మీ. రకం సరిపోతుంది. 35 మి.మీ. రకం టైరు మీద టోపీలా కూర్చుంటుంది గానీ పనికిరాదు. 50 పైనది బ్రేకు చేతులకు తగులుతుంది.

సీటు గొట్టానికి తగిలించే చిన్న ప్లాస్టిక్ రేకులు, రబ్బరు పట్టీలతో ఫోర్కుకి కట్టే సగం మడ్‌గార్డులు కూడా ఉన్నాయి. ఐదు నిమిషాల్లో పెట్టొచ్చు, తీయొచ్చు. నా వీపును కాపాడతాయి, తమ్ముడి మొహాన్ని కాపాడవు. పూర్తి పొడుగు రకానికే ఓటేశా.

ఆదివారం: వెనక చక్రం

వెనక డ్రాపౌట్ల (చక్రం ఇరుసు కూర్చునే గాడులు) దగ్గర మడ్‌గార్డు కడ్డీలు బిగించే కన్నాలు రెండు వైపులా ఉన్నాయి. సంబరపడ్డా. బోల్టు పెట్టి తిప్పితే ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. కన్నంలోకి టార్చి వేసి చూస్తే మర గాడుల నిండా పెయింటు. ఇన్నేళ్లలో అందులో ఎవరూ ఏదీ బిగించలేదన్నమాట.

ఇక్కడ తొందరపడి స్పానర్‌తో బలవంతంగా తిప్పితే మర పోతుంది, ఫ్రేము కన్నానికి కొత్త మర వేయడం మామూలు తలనొప్పి కాదు. ఎం5 ట్యాపు (5 మి.మీ. బోల్టుకి మర కోసే పనిముట్టు), 0.8 మి.మీ. పిచ్‌ది, తీసుకుని కన్నంలో ఒక చుక్క నూనె వేసి, చేత్తోనే మొదలుపెట్టా. అర చుట్టు ముందుకి, పావు చుట్టు వెనక్కి. వెనక్కి తిప్పినప్పుడల్లా టిక్కుమని చిన్న చప్పుడు. పెయింటు పొట్టు తెగుతున్న చప్పుడది. కన్నం అవతల నుంచి నీలం రంగు పొడి నూనెతో కలిసి చిన్న పురుగులా బయటికొచ్చింది. రెండు వైపులా పావుగంట పట్టింది. ఆ తర్వాత బోల్టు వేళ్లతోనే చివరిదాకా దిగింది. ఈ ప్రాజెక్టులో నాకు అన్నింటికన్నా తృప్తినిచ్చిన పావుగంట అదే.

పైన అడ్డుకడ్డీకి కింది వైపు, చక్రం వైపు చూస్తూ మర ఉన్న కన్నం ఉంది. దానికి క్లిప్పు పట్టింది. కింద చైన్ స్టేల మధ్య అడ్డుకడ్డీయే లేదు. మడ్‌గార్డు కింది కొసని దేనికో ఒకదానికి పట్టించకపోతే అది ఊగి టైరుకి తగులుతుంది. సీటు గొట్టం అడుగున చుట్టూ కేబుల్ టై వేసి కట్టేద్దామనుకున్నా. వేస్తే పని జరుగుతుంది కూడా, చాలామంది అలాగే చేస్తారు. కానీ తడిలో ఇసుక చేరి కేబుల్ టై అటూ ఇటూ కదులుతూ పెయింటును ఆకురాయిలా గీకేస్తుంది. కాబట్టి పాత ట్యూబు ముక్క కోసి గొట్టానికి చుట్టి, దాని మీద కేబుల్ టై వేశా. మడ్‌గార్డుకి టై దూరడానికి రెండు కన్నాలు పెట్టాలి. ముందు 2 మి.మీ. బిట్టుతో చిన్న కన్నం, తర్వాత పెద్దది. నేరుగా పెద్ద బిట్టు పెడితే ప్లాస్టిక్ చీలుతుందని వెనకటికి ఒక మడ్‌గార్డు నాకు నేర్పింది.

చైన్ స్టేల మధ్య వెడల్పు కూడా ఇరుకే. 45 మి.మీ. మడ్‌గార్డు అక్కడ రెండు వైపులా గట్టిగా ఒత్తుకుంది. ఒత్తిడిలో నడిమి భాగం పైకి ఉబ్బి, ఆ బొటాబొటీ 10 మి.మీ. కాస్తా 6 అయింది. కిందికొస పొడవులో నాలుగు వేళ్ల మేర రెండు అంచుల్నీ మూడేసి మి.మీ. కత్తిరించి, ఆకురాయితో నున్నగా చేశా. ఉబ్బు తగ్గింది. ఖాళీ 9. ఇంక దాన్ని కదపను.

ఆదివారం రాత్రి: మడ్‌గార్డు గీత

కడ్డీలు కోసే ముందు మడ్‌గార్డు వంపు టైరు వంపుతో కలవాలి. ఒకచోట 20, ఇంకోచోట 8 ఉంటే పని చేస్తుందేమో గానీ, చూసినప్పుడల్లా కంట్లో నలుసులా ఉంటుంది. పైగా ఆ 8 దగ్గరే రాయి ఇరుక్కుంటుంది. నా పద్ధతి ఇది: 12 మి.మీ. మందం ఉన్న ఫోము పట్టీ ఒకటి తీసుకుని టైరు పైన పొడవునా పరిచి, మడ్‌గార్డును దాని మీద ఆనించి, అన్ని బోల్టులూ సగం బిగించి, తర్వాత పట్టీని లాగేయడం. పట్టీ ఎక్కడ బిగుసుకుంటుందో అక్కడ మడ్‌గార్డు కిందికి వాలినట్టు. వెనకచక్రానికి మూడుసార్లు లాగాల్సి వచ్చింది.

కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలు. వీటిని మామూలు కటింగ్ ప్లయర్‌తో కోద్దామని నొక్కితే ప్లయరుకే గంటు పడింది. గంటు పడ్డ ప్లయరును పక్కన పెట్టి హాక్సా బ్లేడుకి వచ్చా. గుర్తు పెట్టిన చోట టేపు చుట్టి, దాని మీద కోస్తే బ్లేడు జారదు. కోసిన కొసల్ని ఆకురాయితో గుండ్రం చేసి ప్లాస్టిక్ టోపీలు పెట్టా. టోపీ పెట్టకపోతే ఆ కొస పిక్కను గీరుతుంది.

ఇంకో చిన్న సంగతి, నేను మొదట తప్పుగా చేసినది. మడ్‌గార్డుకి బోల్టు బిగించేటప్పుడు బోల్టు తల లోపల, టైరు వైపు ఉండాలి. నట్టు బయట ఉండాలి. తిరగేసి పెడితే బోల్టు కొన లోపలికి పొడుచుకొస్తుంది. మడ్‌గార్డు ఏ గుంతలోనో ఒక సెంటీమీటరు వంగిందంటే టైరు పక్కగోడ చీరుకుపోతుంది. నాలుగు బోల్టులు విప్పి మళ్లీ తిరగేశా.

బుధవారం: ముందు చక్రం, అసలు పేచీ

ముందు చక్రం గంటలో అయిపోతుందనుకున్నా. మూడు సాయంత్రాలు తిన్నది.

మొదటి పేచీ ఫోర్కు తల దగ్గర. అక్కడ ముందు నుంచి వెనక్కి దూసుకుపోయే బోల్టు కన్నం ఉంది, మడ్‌గార్డు క్లిప్పు దానికే పడుతుంది. కానీ ఆ కన్నాన్ని ఇప్పటికే బ్రేకు తీగ హ్యాంగర్ (తీగ తొడుగు కొసను ఆపి పట్టే ముక్క) ఆక్రమించింది. కాంటిలివర్ బ్రేకు ముందు చక్రానికి వేస్తే ఫోర్కు గడగడలాడటం చాలా సైకిళ్లకున్న జబ్బు. బ్రేకు పట్టగానే ఫోర్కు వెనక్కి కొంచెం వంగుతుంది, పైన హెడ్‌సెట్ (హ్యాండిలు తిరిగే బేరింగు) దగ్గరున్న హ్యాంగర్‌కీ కింద బ్రేకుకీ మధ్య దూరం మారి తీగ ఇంకా బిగుస్తుంది, బ్రేకు ఇంకా పడుతుంది, రబ్బరు జారగానే వదులవుతుంది, మళ్లీ బిగుస్తుంది. హ్యాంగర్‌ను ఫోర్కు తలకే బిగిస్తే వంగే భాగం మధ్యలో ఉండదు కాబట్టి ఆ వణుకు చాలావరకు పోతుంది. రెండేళ్ల కింద నేనే అలా మార్చా. ఇప్పుడు దాన్ని తీస్తే వణుకు తిరిగొస్తుంది, ఉంచితే మడ్‌గార్డుకి చోటు లేదు.

ఒక బోల్టుకి ఇద్దరు అద్దెదార్లను పెట్టడం తప్ప దారి కనపడలేదు. 6 మి.మీ. బోల్టే, పొడవు 15 మి.మీ. ఎక్కువది వేశా. ముందు వైపు హ్యాంగర్, వెనక వైపు మడ్‌గార్డు క్లిప్పు, దాని మీద వాషర్, ఆ మీద నైలాన్ ఇన్సర్టు ఉన్న నట్టు. బ్రేకు తీగ లాగే బోల్టు కాబట్టి ఇక్కడ మామూలు నట్టును నమ్మలేదు. హ్యాంగర్ ఫోర్కు మీద నేరుగా కూర్చునేలా చూశా. మడ్‌గార్డు రేకు దాని కిందికి వస్తే, ఆ రేకు వంగినప్పుడల్లా బ్రేకు వదులవుతుంది.

రెండో పేచీ అడ్డతీగ. కాంటిలివర్ బ్రేకులో రెండు చేతుల్ని కలుపుతూ టైరు పైన ఒక తీగ ఉంటుంది. మడ్‌గార్డు సరిగ్గా దాని కిందనుంచే పోవాలి. బ్రేకు పట్టినప్పుడు ఆ తీగ పైకి లేస్తుంది కాబట్టి కొలవాల్సింది బ్రేకు వదిలినప్పుడు. మడ్‌గార్డు పైనుంచి తీగకు 7 మి.మీ. ఉంది. చాలు.

ఈ సందర్భంలో మడ్‌గార్డు చేసే ఒక మేలు చెప్పాలి. ముందు బ్రేకు ప్రధాన తీగ ఎప్పుడైనా తెగితే, ఆ అడ్డతీగ నేరుగా టైరు మీద పడుతుంది. బొడిపెల టైరైతే దాన్ని పట్టుకుని తనతోపాటు లాగేస్తుంది, చక్రం ఉన్నపళంగా ఆగుతుంది, మనిషి హ్యాండిలు మీదుగా అవతల పడతాడు. మధ్యలో మడ్‌గార్డు ఉంటే తీగ దాని మీదే ఆగిపోతుంది. వాన కోసం వేస్తున్న వస్తువు ఇందుకూ అక్కరకొస్తుందని ముందు తట్టలేదు.

మూడో పేచీ బ్రేకు చేతులు. ఎడమ చేతి లోపలి వైపు, బ్రేకు రబ్బరు కాడ మడ్‌గార్డు అంచుకి తగులుతోంది. బ్రేకు పట్టి వదిలితే చేయి పూర్తిగా వెనక్కి రావడం లేదు, రబ్బరు రిమ్మును రాస్తూనే ఉంది. అంచులో 8 మి.మీ. లోతు, 25 మి.మీ. పొడవు గంటు కోశా. మొదట పెన్సిలుతో గీసి, కాడ ఎక్కడెక్కడ తిరుగుతుందో బ్రేకు పదిసార్లు పట్టి చూసి, అప్పుడు కత్తి పెట్టా. అందం కోసమని కుడివైపు కూడా అదే గంటు కోశా. ఆ కుడి గంటులోంచి ఇప్పుడు నీళ్లు కాస్త చిమ్ముతాయి. అందానికి ఆమాత్రం సమర్పించుకోక తప్పలేదు.

శుక్రవారం: కన్నాలు లేని ఫోర్కు

వెనక డ్రాపౌట్లకు కన్నాలు ఇచ్చిన వాళ్లే ముందు ఫోర్కుకి ఎందుకివ్వలేదో నాకు అంతుపట్టలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటు. కడ్డీలు పట్టించడానికి పీ-క్లిప్పులు కావాలి: ఇంగ్లీషు 'పీ' అక్షరంలా వంచిన రేకు పట్టీ, లోపల రబ్బరు. ఫోర్కు కాలు చుట్టూ వేసి రెండు చెవుల్నీ కలిపి బోల్టు బిగిస్తారు. నా ఫోర్కు స్టీలు కాబట్టి ధైర్యంగా బిగించొచ్చు. కార్బన్ ఫోర్కు అయితే ఒకేచోట నొక్కే ఇలాంటి పట్టీని నేను వేయను.

ఫోర్కు కాలు కిందికి పోనుపోను సన్నబడుతుంది. పట్టీ ఒక్క మి.మీ. వదులైనా కిందికి జారుతుంది, జారితే ఇంకా వదులవుతుంది. పాత ట్యూబు ముక్క రెండు చుట్లు వేసి బిగించా. గట్టిగా ఉందనిపించింది.

ముందు కడ్డీలకు ఊడిపోయే క్లిప్పులు తప్పకుండా ఉండాలి. కడ్డీ కొస ప్లాస్టిక్ ముక్కలో దూరి ఉంటుంది. చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య పుల్లో రాయో ఇరుక్కుని మడ్‌గార్డును లాగితే ఆ ముక్కలోంచి కడ్డీ పటుక్కున ఊడొస్తుంది, మడ్‌గార్డు ముడుచుకుని చక్రాన్ని ఆపేయకుండా వెనక్కి ఊగుతుంది. వెనక చక్రానికి ఇది అంత ముఖ్యం కాదు. వెనక చక్రం ఆగితే సైకిలు జారుతుంది, ముందు చక్రం ఆగితే మనిషి ఎగురుతాడు.

పాదం మాట. పెడల్ ముందుకి ఉన్నప్పుడు హ్యాండిలు తిప్పితే, ఇదివరకు బూటు ముక్కుకీ టైరుకీ మధ్య ఒక సెంటీమీటరుండేది. ఇప్పుడు మడ్‌గార్డు ఆ సెంటీమీటరును తినేసి ఇంకా కావాలంటోంది. తగులుతోంది. మామూలు వేగంలో హ్యాండిలు అంతగా తిరగదు కాబట్టి ప్రమాదం లేదు. నడక వేగంలో వెనక్కి మళ్లేటప్పుడు మాత్రం పెడల్ ఎక్కడుందో చూసుకోవాలి. మొదటి రోజే గేటు దగ్గర మలుపులో బూటు ఇరుక్కుని ఒంటికాలి మీద గెంతా. ఎవరూ చూడలేదు.

రెండో ఆదివారం: మొదటి వాన

అరవై కిలోమీటర్లు, అందులో నలభై తడి. వీపు పొడి. సీటు పొడి. మొదటి గంట నవ్వుకుంటూనే తొక్కా.

రెండో గంటలో టకటక మొదలైంది. గరుకు రోడ్డు మీద మాత్రమే, ముందు ఎడమవైపునుంచి. ఆగి చూస్తే ఎడమ పీ-క్లిప్పు రెండు సెంటీమీటర్లు జారింది. తడిసిన ట్యూబు రబ్బరు మీద తడిసిన క్లిప్పు రబ్బరు సబ్బులా పని చేసింది. ఇంటికొచ్చాక ట్యూబు ముక్కలు తీసేసి, దాని బదులు ఫోర్కుకి గుడ్డ టేపు ఒక చుట్టు వేసి, ఒక సైజు చిన్న క్లిప్పు బిగించా. అన్ని బోల్టులకూ నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా పట్టే జిగురు) చుక్క. ఎరుపు రంగుది వేయకండి, దాన్ని విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

బూట్ల సంగతి చెప్పలేదు కదూ. చెప్పుకునేలా లేవు. సాక్సు పిండితే గ్లాసెడు నీళ్లు. చైను మీద ఇసుక. నీళ్ల సీసా మూతి ఎప్పట్లాగే కరకర.

మంగళవారం: ఫ్లాపు లెక్క

మనకి కనిపించేది వెనక చక్రం చిమ్మే చార కాబట్టి అందరం వెనక మడ్‌గార్డు గురించే ఆలోచిస్తాం. పాదాల్నీ చైనునీ పెడల్ బేరింగుల్నీ తడిపేది ముందు చక్రం. కాగితం తీసి బొమ్మ గీశా.

నేలను తాకిన చోట టైరు నీటిని ఎత్తుకుంటుంది. అక్కడినుంచి వెనక వైపుగా పైకి లేస్తుంది. నీటి చుక్క టైరును వదిలేటప్పుడు ఆ చోట టైరు ఎటు పోతోందో అటే, గీత గీసినట్టు తిన్నగా పోతుంది. మడ్‌గార్డు కొస ఎంత పైన ముగిస్తే అంత నిటారు కోణంలో నీళ్లు తప్పించుకుంటాయి. నా చక్రం వ్యాసార్ధం 34.5 సెం.మీ. మడ్‌గార్డు కొస నేలకు 12 సెం.మీ. పైన ఉంది. లెక్క కడితే దాదాపు 50 డిగ్రీల వాలుతో నీళ్లు లేస్తాయి: నేరుగా కింది గొట్టం మీదికి, సీసా మూతి మీదికి. అదే కొసను 5 సెం.మీ. దాకా దించితే వాలు 31 డిగ్రీలకు పడిపోతుంది. అప్పుడు నీళ్లు పెడల్ ఇరుసు దగ్గరికి చేరేసరికి సుమారు ఇరుసు ఎత్తులోనే ఉంటాయి, దాని పైనున్నదంతా బతికిపోతుంది. గురుత్వాకర్షణ ఇంకో రెండు సెంటీమీటర్లు కిందికి లాగుతుంది, అది బోనస్.

ఏడు సెంటీమీటర్ల ప్లాస్టిక్ ముక్క సమస్య అన్నమాట. మడ్‌గార్డుతో వచ్చిన ఫ్లాపు (కొసకు వేలాడే రేకు) నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేని అలంకారం. తీసేశా. ఖాళీ ప్లాస్టిక్ డబ్బా పక్కగోడ కోసి కొత్తది చేశా. డబ్బా వంపు ఇక్కడ కలిసొచ్చింది, ఫ్లాపు దానంతటదే మడ్‌గార్డు వంపుకి సర్దుకుంది. పైన 4.5 సెం.మీ., కింద 10 సెం.మీ. వెడల్పు. పాదాలు చక్రానికి అటూ ఇటూ ఉంటాయి కదా, కింద వెడల్పు లేకపోతే లాభం లేదు. రెండు బోల్టులు, బయటవైపు వెడల్పాటి వాషర్లు. మొదట గట్టి ప్లాస్టిక్‌తో చేస్తే మెట్టు దించేటప్పుడు కొస తగిలి మడ్‌గార్డు మొత్తం పైకి లేచింది. చేత్తో వంచితే వంగి, వదిలితే తిరిగొచ్చే ప్లాస్టిక్ కావాలి.

వెనక చక్రానికీ ఒకటి వేశా. దాని వల్ల నాకు ఒరిగేదేమీ లేదు, అది పూర్తిగా తమ్ముడి ఖాతా.

మూడో ఆదివారం: బురద ఎదురుదెబ్బ

ఇది రాయాలా వద్దా అని ఆలోచించా. రాస్తున్నా.

వాన ఆగింది, పొలాల మధ్య మట్టిదారి పిలిచింది, ఇది సైక్లోక్రాస్ సైకిలే కదా అని బొడిపెల టైర్లు వేసుకుని వెళ్లా. జిగురు మట్టి. మొదటి వంద మీటర్లలో ఏమీ కాలేదు. తర్వాత ఎవరో వెనకనుంచి పట్టుకున్నట్టు సైకిలు బరువెక్కింది. బ్రేకు చేతుల దగ్గర మట్టి ముద్దలు, వాటి మీద గడ్డి పరకలు. ఇంకో ముప్పై మీటర్లు మొండిగా తొక్కా. ఫటుక్కుమని ముందు కుడి క్లిప్పు ఊడింది, మడ్‌గార్డు పక్కకు వాలి టైరును రాస్తూ గుర్రుమంది. దిగి చూస్తే, పనిగట్టుకుని కొలిచిన ఆ 22 మి.మీ. ఎక్కడా లేదు. మడ్‌గార్డు లోపలంతా అచ్చుపోసినట్టు మట్టి గట్టిపడి ఉంది. చైన్ స్టేల దగ్గరైతే వెనక చక్రం పూర్తిగా ఆగిపోయింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అన్నారా! పుల్ల ఒకటి విరిచి మట్టి పొడుచుకుంటూ ముప్పావుగంట కూర్చున్నా. తర్వాత సైక్లోక్రాస్ పద్ధతిలో సైకిలు భుజానికెత్తుకుని రోడ్డు దాకా నడిచా. నడుస్తుంటే వెనక ఫ్లాపు ప్రతి అడుగుకీ తొడ మీద చరుస్తూనే ఉంది.

పేరులో మడ్ ఉంది గానీ ఇది ఆపేది నీళ్లను మాత్రమే. అసలు బురద కనిపిస్తే ఇది చక్రానికి బిరడా. బురద కోసం వదిలిన ఖాళీని నేను నీళ్లకు రాసిచ్చేశాను, ఇక బురద వచ్చి నా చోటేదని అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. బొడిపెల టైర్లు మూటకట్టి పైన పెట్టేశా. మడ్‌గార్డు ఉన్నన్నాళ్లూ నున్నటి టైర్లు, తారు రోడ్డు, గట్టి కంకర దారి. మట్టిదారికి వెళ్లాలంటే మడ్‌గార్డు విప్పాలి. ఎంతసేపు పడుతుందో చూద్దామని విప్పి మళ్లీ బిగించా: విప్పడానికి 9 నిమిషాలు, బిగించడానికి 26. ఆ 26లో సగం ఫోము పట్టీదే.

ఐదో వారం

వెనక క్లిప్పు రేకు విరిగింది. అడ్డుకడ్డీ దగ్గర వంపు మీద వెంట్రుక మందం పగులుగా మొదలై ఉంటుంది, కుదుపులకు తెగిపోయింది. విరిగిన అంచు చూస్తే సగం మెరుస్తోంది, సగం నల్లబడి ఉంది. నల్లబడ్డ సగం ఎప్పుడో విరిగి తడి తాగుతూ ఉందన్నమాట. కారణం నేనే. మడ్‌గార్డు బిగించేటప్పుడు అది చోటుకి ఒక నాలుగు మి.మీ. అటుగా ఉంటే, బోల్టుతో లాగి కూర్చోబెట్టా. అంటే ఆ రేకు మొదటి రోజు నుంచీ వంగి, గుంజుకునే ఉంది. కొత్త రేకు వేసేటప్పుడు అడ్డుకడ్డీకీ దానికీ మధ్య నాలుగు మి.మీ. గొట్టం ముక్క పెట్టా, రెండు వైపులా రబ్బరు వాషర్లు. ఇప్పుడు బోల్టు తీసేసినా మడ్‌గార్డు ఉన్నచోటే ఉంటుంది. మిగతా బోల్టులన్నీ ఒక్కొక్కటిగా వదులు చేసి, మడ్‌గార్డు ఎటైనా గెంతుతుందా అని చూశా. ముందు ఎడమ కడ్డీ ఒకటి గెంతింది. రెండు మి.మీ. కోశాక ఊరుకుంది.

ఈ రోజు పొద్దున మళ్లీ వాన. తమ్ముడు గంటన్నర నా వెనకే తొక్కాడు, కళ్లజోడు ఒక్కసారి కూడా తీయలేదు. సీసా మూతి నోట్లో పెట్టుకుంటే నీళ్లే వచ్చాయి, ఇసుక రాలేదు. టకటక లేదు. బూట్లు విప్పి చూస్తే కుడి సాక్సు పొడి, ఎడమ సాక్సు వేళ్ల దగ్గర తడి. మోకాళ్ల మీద కూర్చుని ముందునుంచి చూస్తే ఫ్లాపు ఒక వేలెడు సైకిలు కుడివైపుకి ఒరిగి ఉంది. పై బోల్టు వదులు చేసి జరపాలి, 8 నంబరు స్పానర్ తమ్ముడు పట్టుకెళ్లాడు.